బలహీన కణాల వంశం

ప్రొఫెసర్ హైమవతి దగ్గర పరిశోధనకు చేరినవాళ్లకు ఒక సంగతి త్వరలోనే అర్థమైపోయేది. ఆవిడ ప్రశ్నకు జవాబు చెప్పరు, పని చెబుతారు. అది తెలిసి కూడా సుభానీ ఒక ఉదయం వెళ్లి అడిగాడు.

"మేడమ్, శరీరం మేలైనవాటినే ఎంచుకుంటుందంటారు కదా. మరి ఈ బలహీనమైన కణాల్ని ఎందుకు మిగుల్చుకుంటోంది?"

మూడేళ్లుగా అతను ఆ పనిమీదే ఉన్నాడు. ఒంట్లోకి వైరస్ వస్తే లింఫ్ గ్రంథుల్లో రక్షణ కణాలు గబగబా పెరుగుతాయి. తరం తరానికీ వాటి జన్యువులు కాస్త కాస్త మారతాయి. వైరస్‌ని గట్టిగా పట్టుకోగలిగినవి బతికి వంశాన్ని పెంచుకుంటాయి, పట్టులేనివి రాలిపోతాయి. జీవుల గుంపుల్లో ఏ వంశం నిలుస్తుందో, ఏది అంతరిస్తుందో చెప్పే సమీకరణాలనే సుభానీ ఈ కణాలకు వర్తింపజేశాడు. అతని మోడల్ ప్రకారం చివరికి ఒకే ఒక్క ఉత్తమ వంశం మిగలాలి. కానీ కిందటేడు ఫ్లూ టీకా వేయించుకున్నవాళ్ల శాంపిళ్లలో అరకొర పట్టున్న ఒక చిన్న వంశం చావకుండా కొనసాగుతూనే ఉంది. అతను ఈ ఫలితాలు వినిపించాల్సిన సెమినార్ చూస్తే దగ్గరపడుతోంది. అదేదో ప్రయోగంలో దొర్లిన పొరపాటని రాసి పక్కన పెట్టేస్తే, మోడల్ గీత చక్కగా అతికిపోతుంది.

"తీసేయమంటారా?" అన్నాడు.

హైమవతి అతను తెచ్చిన గ్రాఫును చూశారు. "తీసెయ్. తీసేసేముందు మాత్రం రూపు మార్చుకుని వచ్చిన ఈ ఏడాది ఫ్లూ వైరస్‌ని వాటికోసారి చూపించు."

సుభానీకి ఒళ్లు మండింది. లెక్కలు చేసుకునేవాడి చేతికి పిపెట్ ఇస్తే ఎవరికి మాత్రం మండదు? అయినా కాదనలేకపోయాడు. ఉత్తమ వంశం, ఆ చిన్న వంశం రెండింటి జన్యువుల నుంచీ వైరస్‌ని పట్టుకునే యాంటీబాడీలు తయారుచేయడం నేర్చుకున్నాడు. మొదటి విడత పాడైంది. సెమినార్ వాయిదా వేయించుకుని మళ్లీ మొదలుపెట్టాడు. చివరికి ఒక మధ్యాహ్నం, కొత్త వైరస్ ముక్కలు పూసిన ప్లేటులో రెండింటినీ పక్కపక్క వరసల్లో పోసి, కడిగి, రంగు మందు వేసి కూర్చున్నాడు. పట్టు దొరికినచోట రంగు రావాలి.

ఉత్తమ వంశం పోసిన వరస నీళ్లలా తేటగా ఉండిపోయింది. చిన్న వంశం పోసిన పక్క వరస చూస్తూండగానే నీలం తిరిగింది.

వరసలు తారుమారు చేశాననుకుని సుభానీ ప్రయోగమంతా తిరిగి చేశాడు. అదే నీలం. ఇక అతను కుర్చీలో నిలవలేదు, కారిడార్లో అటూ ఇటూ నడిచాడు. తర్వాత మోడల్ ముందు కూర్చుని ఎంపిక కాఠిన్యాన్ని సడలించాడు. పట్టు తక్కువైనా కాలం కలిసొచ్చి బతికిపోయే వీలును సమీకరణంలోకి రానిచ్చాడు. ఇన్నాళ్లూ ఎడమొహం పెడమొహంగా ఉన్న గీతా చుక్కలూ ఒకదానిమీదొకటి వచ్చి కూర్చున్నాయి.

సెమినార్ నాడు పక్క డిపార్ట్‌మెంట్ల వాళ్లు కూడా వచ్చి గోడవార నిలబడి విన్నారు. అడిగినవాళ్లందరికీ అతను తడుముకోకుండా జవాబు చెప్పాడు. చప్పట్లు ఆగాక, వెలిగిపోతున్న ముఖంతో గురువు దగ్గరికి వచ్చాడు.

"మేడమ్, థీసిస్‌లో వాటిని బలహీన కణాలనే రాయనా?"

హైమవతి నవ్వారు.

"ఎవరి ముందు బలహీనం, సుభానీ?"