గేదె గొడుగుల్లో సగం వాటా

మేడిపూడి రాజు రణధీరవర్మకు ఆలోచన రావడమే అరుదు. వస్తే మాత్రం రాజ్యమంతా పరుగులు పెట్టాల్సిందే.

"మన న్యాయ పాఠశాల పిల్లలు ఏళ్ళ తరబడి శ్లోకాలు వల్లిస్తూ నా బియ్యం తింటున్నారు," అన్నాడు ఒక ఎండాకాలం మధ్యాహ్నం. "కొత్త వ్యాపారం పెట్టేవాళ్ళను రమ్మనండి. పెట్టుబడి నాది, సలహా ఈ పిల్లలది."

మర్నాడు సభకు ఇద్దరే వచ్చారు. తాటాకు గొడుగులు అల్లే బంగారక్క, గేదెలు మేపే ఆమె మరిది ఈరన్న. వాళ్ళ వెనకాల ఒక గేదె. గేదె వీపు మీద గొడుగు.

"ఎండకు గేదెలు పాలు తగ్గిస్తాయి దొరా," అంది బంగారక్క. "దీన్ని వీపున నిలబెట్టడానికి మూడు వేసవులు నానా పాట్లూ పడ్డాను. మొదటి గొడుగును గేదే తినేసింది."

రాజు గొడుగు కిందికి దూరి, గేదెను ఆనుకుని కాసేపు నిలబడ్డాడు.

"చల్లగానే ఉంది. నాకు నాలుగో వంతు చాలు. మిగతాది మీదే."

అప్పుడు లేచాడు పాఠశాల పెద్ద మార్తాండశాస్త్రి. ఆ రాజ్యంలో ఆయన ఉంగరపు ముద్ర పడనిదే ఏ వ్యాపారమూ మొదలు కాదు. ఒకరి చెమట మీద తమ పేరు చెక్కించుకునే ఇలాంటివాళ్ళను తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

"మిగతాదాంట్లో సగం నాది," అన్నాడు. "ఆశీర్వదించేది నేను కదా."

"సగమా సామీ? మీరు గేదెనైనా ముట్టుకోలేదే," అంది బంగారక్క.

"ముద్ర కావాలా, వద్దా?"

ఆమె మరిది వైపు చూసింది. మరిది నేల చూశాడు.

"పిల్లలేమంటారు?" అన్నాడు రాజు. పిల్లలంతా ఒక్కసారిగా అప్పుల మీద శ్లోకం ఎత్తుకున్నారు. గేదె చెవులు వెనక్కి వేసింది.

రెండో పంతులు గవరయ్య చెయ్యెత్తి వాళ్ళను ఆపాడు. మాటకారి. రాజుకు ఇష్టుడు. శిష్యురాలు కామాక్షిని ముందుకు పిలిచాడు.

"అమ్మాయ్, నలుగురు కలిసి ఒక బండి ఎక్కితే ముందుగా ఏం తేల్చుకోవాలి?"

"దారిలో ఎవరైనా దిగిపోతే ఎలాగని, గురువుగారూ."

"అయితే తేల్చు."

కామాక్షి శాస్త్రికి దణ్ణం పెట్టింది. "అయ్యా, మీరు డబ్బు పెట్టేవాళ్ళలో చేరతారా, వ్యాపారం పుట్టించినవాళ్ళలోనా?"

"నేనేమన్నా వడ్డీలకు తిప్పేవాణ్ణా? పుట్టించినవాణ్ణే. మొదటి పేరు నాదే ఉండాలి."

"అలాగేనండి. పుట్టించినవాళ్ళ వాటా చెట్టు మీది మామిడికాయ. నాలుగేళ్ళు పనిలో ఉంటేనే పండుతుంది. మధ్యలో మానేస్తే మిగిలినవాళ్ళకు పోతుంది. ముగ్గురికీ ఇదే షరతు."

"అన్యాయం. మూడు వేసవులు పాట్లు పడ్డ నాకూ ఇదే షరతా?" అంది బంగారక్క.

"ఒప్పుకో అక్కా," అన్నాడు గవరయ్య మెల్లగా.

శాస్త్రి చెవులు మొదటి పేరు దగ్గరే ఆగిపోయాయి. "నా బిరుదులు పేరుకు ముందా, వెనకా?" అని అడిగాడు.

"ముందు కొన్ని, వెనక కొన్ని వేస్తామండి," అంది కామాక్షి.

శాస్త్రి సంతోషంగా సభ ఎదుట తాంబూలం అందుకుని, ఉంగరంతో ముద్ర కొట్టాడు. వెంటనే గవరయ్య ఆయన చేతిలో ఒక ముల్లుకర్ర పెట్టాడు.

"ఇదేమిటోయ్?"

"మీ పనిముట్టు. గొడుగులు అల్లేది అక్క. గేదెను పట్టేది ఈరన్న. గొడుగు ఒరిగిపోకుండా వెనకాల నడిచేది మీరు. అది మడుగులో దిగితే మీరూ దిగాలి."

"నాలుగేళ్ళా?"

"గేదెలకు సెలవులుండవండీ."

శాస్త్రికి కోపం వచ్చింది. "నేను ఆశీర్వదించాను. అదే నా పని."

గవరయ్య తల గోక్కున్నాడు.

"ఆశీర్వాదంతో పనయ్యేదైతే గేదెకు గొడుగెందుకు స్వామీ? మబ్బునే వెంట తోలుకుపోయేవాళ్ళం కదా."

సభ గొల్లుమంది. ఆ గోలకు గేదె బెదిరి, తోక ఎత్తి, శాస్త్రి పట్టుపంచె మీద తన ఆశీర్వాదం తాను కురిపించింది.

"నాకొద్దీ వాటా," అని శాస్త్రి ముల్లుకర్ర విసిరికొట్టాడు.

"ఆయన బండి దిగిపోయారు," అంది కామాక్షి. "వాటా అక్కకూ ఈరన్నకూ పోయింది. ముద్ర మాత్రం పడింది."

రాజు నవ్వీ నవ్వీ సింహాసనం మీంచి జారాడు. నేల మీదినుంచే గవరయ్యను పాఠశాలకు పెద్దను చేశాడు. కామాక్షికి తన చేతి కడియం తీసి ఇచ్చాడు. బంగారక్క అప్పటికే గేదె వీపున గొడుగు సరిచేస్తోంది.