చలివేంద్రంలో అడిగిన పేరు

కుందవరం కోటలో ఆ రోజు ఒకటే సందడి. నగరపెద్ద ఎవరో తేలే రోజది. కూడలిలో జనం ఎవరి గురించి ఎక్కువగా వాకబు చేస్తే వాళ్లకే పదవి అని రాజుగారు ముందే నిర్ణయించారు.

కూడలిలో చలివేంద్రం నడిపే ఓబులమ్మ సభకొచ్చి చెప్పింది. "సుంకాల అధికారి వీరభూపతిగారి గురించి మూడొందల మంది అడిగారు ప్రభూ. వైద్యుడు చెన్నకేశవయ్యగారి గురించి నలుగురే."

వీరభూపతి మీసం దువ్వాడు. జనం గుండెల్లో రాయి పడింది. రాజుగారు పదవి ఉంగరం చేతిలోకి తీసుకున్నారు.

"ఒక్క మాట ప్రభూ!" అంది ఓబులమ్మ. "మొన్న ఊళ్లోకి చిరుతపులి వస్తే దాని గురించి అయిదొందల మంది అడిగారు. ఈ లెక్కన పదవి దానికే రావాలి."

సభ ఘొల్లుమంది. "నన్ను పులితో పోలుస్తావా?" అని వీరభూపతి మండిపడ్డాడు.

"నేను కాదు బాబూ, జనమే. ఇప్పుడు ఏ దారిలో ఉందని పులి గురించి అడిగారు. మీ గురించీ అదే అడిగారు. చెప్పగానే వేరే దారి పట్టారు."

"మరి వైద్యుడి గురించి నలుగురే అడిగారేం?" అన్నారు రాజుగారు.

"ఆయన ఇల్లు తెలియనివాళ్లు ఊళ్లో ఎవరున్నారు ప్రభూ? ఆ నలుగురూ పొరుగూరివాళ్లు."

చెన్నకేశవయ్య ఆ పూట సభలోనే లేడు, ఎవరికో పురుడు పోస్తున్నాడు. రాజుగారు నవ్వుతూ, ఆయనకిచ్చి రమ్మని ఉంగరం ఓబులమ్మ చేతిలో పెట్టారు. ఆమె పరుగందుకుంది. కేకలు వేస్తూ ఊరంతా ఆమె వెంట పరిగెత్తింది.