మేకు కొట్టని గోడ

ఎవరైనా ప్రశ్న అడిగితే కనకలింగాచారి గారు చిత్రిక ఆపేవారు కాదు.

సామర్లకోటలో స్టేషను వెనక వీధిలో ఆయన వడ్రంగి షెడ్డు ఉండేది. ఆదివారం మధ్యాహ్నాలు మేం ఏడెనిమిది మందిమి అక్కడ చేరేవాళ్ళం. కాషాయం లేదు, పీఠం లేదు. దుంగల మీదా, సగం చేసిన తలుపుల మీదా ఎవరికి దొరికిన చోట వాళ్ళు కూర్చునేవాళ్ళం. అడిగింది పుస్తకాల్లో దొరికే ప్రశ్నయితే ఆయన చేతిలో చిత్రిక అలాగే నడుస్తూ ఉండేది, అడిగినవాడి మాట పొట్టులో కలిసిపోయేది. అడిగినవాడికి నిజంగా కావలసిన ప్రశ్నయితే చిత్రిక ఆగేది. అప్పుడైనా జవాబు చెబుతారా అంటే అదీ లేదు. ఎప్పుడో ఎవరింట్లోనో జరిగిన సంగతి ఒకటి చెప్పి ఊరుకునేవారు. దానికీ నా ప్రశ్నకీ ఏమిటి సంబంధమని మళ్ళీ అడిగితే చిత్రిక మొదలయ్యేది. నేను పదకొండేళ్ళు వెళ్ళాను. నా ప్రశ్నకి చిత్రిక ఆగింది రెండే రెండుసార్లని చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

ఆ ఆదివారం అడిగినవాడు ముక్తేశ్వర్రావు. బజారులో పుస్తకాలూ పెన్నులూ అమ్ముకునే కొట్టు అతనిది. పెళ్ళి చేసుకోలేదు, కొట్టు వెనక గదిలోనే వంటా పడకా. ఏళ్ళ తరబడి కూడబెట్టి పక్క వీధిలో రెండు గదుల ఇల్లొకటి అద్దెకివ్వడానికని కొన్నాడు. కొన్న నెల్లాళ్ళకే మనిషి సగమయ్యాడు. ఊళ్ళో ఇల్లు అద్దెకిచ్చే ప్రతివాడూ అతనికి గురువే. కుటుంబాలకే ఇవ్వమని ఒకరు, పిల్లలున్నవాళ్ళకి అసలు ఇవ్వొద్దని ఒకరు, నెలకోసారి వెళ్ళి కుళాయిలు తిప్పి చూసుకోమని ఇంకొకరు, గోడలకి మేకులు కొట్టనివ్వొద్దని మరొకరు. అందరి మాటలూ కలిపి పద్నాలుగు షరతులు కంప్యూటర్లో కొట్టించి, లామినేషన్ చేయించి పట్టుకొచ్చాడు. దానికొక చెక్క ఫ్రేము కట్టించుకోవాలని అతని ఆశ.

"రేపు ఇల్లు చూసుకోడానికి ఒక పెద్దాయన వస్తానన్నాడండి. ఒక్కడే ఉంటాడంట" అన్నాడు. "ఇద్దామంటే భయం. వద్దందామంటే ఇల్లు ఖాళీగా ఉంది. దగ్గరకి తీస్తే నెత్తికెక్కుతారంటున్నారు, దూరం పెడితే ఇల్లు పాడుచేసి పోతారంటున్నారు. నాకేమో ఇదే మొదలు. అద్దెకున్నవాళ్ళని ఎంత దూరంలో ఉంచాలండి, గురువుగారూ?"

చిత్రిక ఆగింది. ఇలాంటి ప్రశ్నకి ఆగుతుందని మాలో ఎవరం అనుకోలేదు. ఆత్మ గురించి అడిగి భంగపడ్డవాళ్ళు ఇద్దరు నా పక్కనే కూర్చుని ఉన్నారు.

ఆయన చెప్పింది ఆయన గొంతుతో రాయడం నా వల్ల కాదు. నాకు గుర్తున్నట్టు రాస్తాను.

అబ్బులు గారని బస్సు కండక్టరుగా చేసి రిటైరైన ఆయన ఒకరుండేవారు. సొంత ఇల్లు, పొడుగాటి హాలు. పిల్లలు లేరు. రిటైరైన రెండేళ్ళకి భార్య సుభద్రమ్మ పోయింది. ఆవిడ పోయాక ఆ హాల్లో ఈ చివర దగ్గితే ఆ చివర నుంచి తిరిగి వినపడేదట. ఆరు నెలలు ఓర్చుకుని, మేస్త్రీని పిలిచి హాలుకి అడ్డంగా నాలుగున్నర అంగుళాల గోడ పెట్టించారు. వెనక సగానికి వేరే తలుపు, వేరే కుళాయి. మొదటిసారి అద్దె బోర్డు కట్టినరోజు ఆయన వీధిలో నిలబడి దాన్ని చాలాసేపు చూసుకున్నారట.

మొదట దిగింది పిల్లలున్న కుటుంబం. ఏడాదికి వాళ్ళు ఖాళీ చేసేసరికి గోడల మీద ఏనుగులూ, రైళ్ళూ, పదిహేడు మేకు కంతలూ మిగిలాయి. కంతలు ఆయనే వేలు పెట్టి లెక్కపెట్టారు, కండక్టరు కదా. మళ్ళీ సున్నం కొట్టించి ఈసారి రెండే షరతులు పెట్టారు. ఉండేది ఒక్కరే అయ్యుండాలి. గోడకి ఒక్క మేకు కూడా కొట్టకూడదు. అది పల్చటి గోడ, అటు మేకు దిగితే ఇటు పెచ్చులూడతాయని కారణం కూడా చెప్పేవారు. ఇటువైపు, అదే గోడకి, సుభద్రమ్మ గారి ఫొటో మేకు కొట్టి తగిలించి ఉండేది. గంధపు దండ, చిన్న ఎర్ర బల్బు. సొంతదారుకి షరతులు ఉండవు కదా.

రెండు షరతులకీ ఒప్పుకుని దిగినాయన పేరు వామనమూర్తి. గూడ్సు బళ్ళకి గార్డుగా చేసి రిటైరయ్యారు. రైల్వే క్వార్టరు ఖాళీ చేసే రోజు దగ్గరపడుతుండగా ఆయన భార్య కూడా పోయింది. ఒక ట్రంకు పెట్టె, ఒక చాప, రెండు కుర్చీలు, నాలుగు గిన్నెలతో రిక్షాలో వచ్చారు. అద్దె ఒకటో తారీకున, కుళాయి అవసరమైనంతే, వీధిలోకి అరుపు లేదు. ఇలాంటి మనిషి దొరకడం అదృష్టమని అబ్బులు గారు వీధంతా చెప్పుకున్నారు.

మూడు నెలలయ్యాక ఆయనకి గోడవతల నుంచి మాటలు వినపడ్డాయి.

సరిగ్గా మధ్యాహ్నం పన్నెండున్నరకి మొదలయ్యేవి. గార్డు కాబట్టి టైము తప్పేది కాదు. "ఏమోయ్, చారులో ఉప్పెక్కువైంది కదూ." కాసేపు నిశ్శబ్దం. "రేపటికి వంకాయలు తెస్తాలే." మళ్ళీ నిశ్శబ్దం, మళ్ళీ ఏదో మాట, చిన్న నవ్వు. జవాబు చెప్పే గొంతు మాత్రం వినపడేది కాదు. ఆడమనిషి, అందులోనూ దాక్కుని ఉన్న మనిషి, గొంతు పైకి ఎలా వస్తుందని అబ్బులు గారు తేల్చేసుకున్నారు. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో టికెట్టు లేనివాణ్ణి ఆయన ముఖం చూసి పట్టేసేవారు. ఇక్కడ ఒక టికెట్టు తీసుకుని ఇద్దరు ఎక్కారు. చేతికి దొరికితే ఆ సాయంత్రమే దింపేయడమే.

పట్టుకోవడానికని గోడ దగ్గరకి పీట జరుపుకున్నారు. మాటలు భోజనం వేళకి కాబట్టి కంచం కూడా అక్కడికే తెచ్చుకున్నారు. అలా ఒక రోజు కాదు, శ్రావణం అంతా. అదివరకు మూడింటికో నాలుగింటికో ఏదో ఇంత తినే మనిషి పన్నెండున్నరకల్లా కంచంతో కూర్చోవడం మొదలుపెట్టారు. మాటలు ఆలస్యమైతే అన్నం కలపకుండా ఆగేవారు. ఎందుకాగుతున్నానని ఆయన ఆలోచించినట్టు లేదు.

చివరికి మా ఆచారి గారికి కబురొచ్చింది. వానలకి వెనక పోర్షను తలుపు ఉబ్బి బిగుసుకుపోయింది, చిత్రిక పట్టాలని పైకి చెప్పిన మాట. అసలు మాట అబ్బులు గారు దారిలో చెప్పారు.

"మీరు సాక్షి ఆచారి గారూ. నేనొక్కణ్ణే వెళ్తే కొట్లాట అంటారు. మీరు తలుపు చూడండి, నేను మనుషుల్ని చూస్తాను."

"ఇద్దరుంటే ఏం చేస్తారండి?"

"ఖాళీ చెయ్యమంటాను. మాట అంటే మాటే."

పన్నెండూ ముప్పావుకి తలుపు కొట్టారు. తలుపు నిజంగానే బిగుసుకుపోయి ఉంది, లోపల నుంచి ఆయన లాగితే, బయట నుంచి వీళ్ళిద్దరూ తోస్తే గాని రాలేదు. వామనమూర్తి గారి చేతికి ఇంకా అన్నం మెతుకులున్నాయి. అబ్బులు గారు చెప్పులు కూడా విప్పకుండా లోపలికి నడిచారు. రెండో గది చూశారు, స్నానాలగది చూశారు, పెట్టె వెనక కూడా చూశారు. ఎవరూ లేరు.

ముందుగదిలో ఒక కుర్చీ, ఎదురుగా కంచం పెట్టుకున్న చిన్న బల్ల, బల్లకి అవతల ఇంకో కుర్చీ. ఆ రెండో కుర్చీలో ఒక ఫొటో ఉంది. పడిపోకుండా వెనక తువ్వాలు మడిచి పెట్టారు. నడివయసు ఆవిడ, చెవులకి దుద్దులు, ఫొటో తీసేవాడి మీద కొంచెం కోపంగా ఉన్నట్టు ముఖం. దండా లేదు, బొట్టూ పెట్టలేదు. ఆవిడ ముఖం కంచంవైపుకి తిరిగి ఉంది.

అబ్బులు గారు ఆ ఫొటోకి ఎదురుగా నిలబడిపోయారు. టికెట్టు అడగడానికి వెళ్ళి ఆగిపోయినట్టు నిలబడ్డారని ఆచారి గారు చెప్పినప్పుడు మేం నవ్వాం. ఆయన నవ్వలేదు.

"గోడకి తగిలించుకోవచ్చు కదండీ" అన్నారు అబ్బులు గారు చివరికి.

"మేకు కొట్టొద్దన్నారు కదండీ" అన్నారు వామనమూర్తి గారు. అందులో దెప్పు లేదు. అడిగినదానికి జవాబు, అంతే.

అబ్బులు గారి ముఖం నల్లబడింది. ఆ మనిషికి తానెంత అన్యాయం చేశారో ఆయనకప్పుడు తెలిసింది. "కొట్టండి ఆచారి గారూ" అన్నారు. "మంచి చోటు చూసి కొట్టండి. పెచ్చులూడితే ఊడనివ్వండి."

ఆచారి గారు పెట్టెలోంచి మేకు తీసి, గోడ తట్టి చూసి, మొన ఆనించి సుత్తి ఎత్తారు.

"ఆగండి" అన్నారు వామనమూర్తి గారు.

సుత్తి ఆగింది.

"ఏమీ అనుకోకండి. మీ షరతు నాకు మేలే చేసింది. మొదట్లో నేనూ బాధపడ్డాను, కుర్చీలో పెట్టాల్సొచ్చిందే అని." ఆయన చెయ్యి కడుక్కోవడం కూడా మర్చిపోయి అలాగే నిలబడి మాట్లాడారు. "ముప్పై రెండేళ్ళు బండి చివర పెట్టెలో ఒక్కణ్ణే కూర్చున్నానండి. ఇంటికొచ్చినా అదే అలవాటు. మా ఆవిడ ఏదో చెప్పేది, నేను ఊఁ అనేవాణ్ణి. ఇప్పుడు ఎదురుగా కూర్చుంటే మాట వస్తోంది. గోడెక్కించామనుకోండి, దణ్ణం పెట్టాలి. దణ్ణం పెట్టేశాక ఇంకేం మాట్లాడతామండి?"

అబ్బులు గారు తలుపు బాగుచెయ్యండి అని కూడా అనకుండా వెళ్ళిపోయారు. ఆచారి గారు తలుపు దించి, అంచు చిత్రిక పట్టి, మళ్ళీ బిగించారు. పని అరగంటలో అయిపోయింది. సామాను సర్దుకుని ముందువైపుకి వెళ్తే అబ్బులు గారు హాల్లో పీట మీద కూర్చుని ఉన్నారు. అన్నం కలిపి ఉంది, తినలేదు. తలెత్తి సుభద్రమ్మ గారి ఫొటోవైపు చూస్తున్నారు. అంత ఎత్తున ఉంటే మెడ నొప్పెట్టేలా చూడాలి. ఎర్ర బల్బు వెలుగుతోంది.

"ఆచారి గారూ, ఆ మేకు పీకండి" అన్నారు.

ఆచారి గారు ముందు ఫొటో దించి ఆయన చేతికిచ్చారు. ఆయన గంధపు దండ తీసి పక్కన పెట్టి, పంచె చెంగుతో అద్దం తుడిచారు. పట్టకారుతో లాగితే మేకు తేలిగ్గానే వచ్చింది, దానితో పాటు అరచెయ్యంత పెచ్చు ఊడింది. మర్నాడు వచ్చి లప్పం పెట్టి పూడుస్తానని ఆచారి గారంటే, వద్దు, ఉండనివ్వండన్నారు. ఇంట్లో రెండో కుర్చీ లేదు. ఉన్నదొక్కటీ ఆవిడకి వేసి, ఆయన ఎదురుగా పీట మీదే కూర్చున్నారు. కంచం ముందుకి జరుపుకున్నారు. ఆచారి గారు గుమ్మం దాటాక వెనక నుంచి ఒక్క మాట వినపడింది. "భోంచేశావా" అని.

చెప్పడం అయిపోయింది. దాచుకోవడమెందుకు, ఆ ఉదయం మా ఇంట్లో నేను పేపరు చదువుతూ ఎన్నిసార్లు ఊఁ అన్నానో గుర్తొచ్చింది.

ముక్తేశ్వర్రావే ముందు తేరుకున్నాడు. "తర్వాత వాళ్ళిద్దరూ స్నేహంగా ఉన్నారాండి? ఒక చోట తినేవారా?"

"ఆ వీధిలో పని పడి ఒక మధ్యాహ్నం అటు వెళ్ళాను" అన్నారు గురువుగారు. "ముందు తలుపు మూసే ఉంది, వెనక తలుపూ మూసే ఉంది. గోడకి ఇటొక గొంతు, అటొక గొంతు. ఎవరి భోజనం వాళ్ళది. ఇటు మాట ఆగితే అటువైపు కూడా కాస్త ఆగేది, అంతే."

ఆ తర్వాత ఆయన లామినేషన్ కాగితం అందుకుని అటూ ఇటూ తిప్పి, ఫ్రేముకి కొలత చూస్తున్నట్టు చూశారు. "దీన్ని ఎక్కడ తగిలిద్దామనుకున్నావు, నాయనా?"

"ముందుగదిలోనండి. గోడకి మేకు..." అంటూనే ముక్తేశ్వర్రావు ఆగిపోయాడు. ఏడో షరతు ఏమిటో అతనికి కంఠతా వచ్చు. కాగితం మెల్లిగా వెనక్కి తీసుకుని సంచిలో పెట్టుకున్నాడు. అతనికి మనసులో ఇంకా కుదురు లేదు. రేపు ఆ పెద్దాయన వస్తాడు, తాళం తీసి ఇల్లు చూపించాలి, ఏదో ఒకటి చెప్పాలి. కొట్టు వెనక గదిలో ఒక్కడే తినే మనిషి కూడా అతనే.

"ఎంత దూరంలో ఉంచాలో మీరు చెప్పనేలేదండి" అన్నాడు.

మళ్ళీ అడిగాడు కదా, గురువుగారు చిత్రిక అందుకున్నారు. చెక్క మీద ఒకసారి నడిపారు, రెండోసారి నడిపారు. మూడోసారి మధ్యలో ఆపారు. ఆయన అలా ఆపడం పదకొండేళ్ళలో నేను చూడలేదు.

"నాలుగున్నర అంగుళాలు చాలు నాయనా. అవతలి మాట వినపడాలి కదా."