పరాంకుశం చూపుడువేలు

తాతయ్య గురక వినలేక దిండు చెవుల మీద కప్పుకున్నావా? సరే, కప్పుకో. కథ మాత్రం దిండులోంచి వినపడదు. తీశావా? అయితే విను.

అనగనగా ఒక ఊళ్ళో రెండు చెవులు ఉండేవి. ఊరన్నాక బోలెడు చెవులుంటాయి కదా అమ్మమ్మా అంటావు. ఉంటాయి. కానీ ఊరంతా భయపడేది ఆ రెండింటికే. అవి పరాంకుశం చెవులు.

పరాంకుశం ఆ ఊరి ప్రెసిడెంటు. ఊరి పేరు మోతవరం. పేరులోనే మోత ఉందని ఆయనకి మొదటి బాధ. ఊరికి మంచినీళ్ళ కుళాయి తెప్పించాడు, బడికి పైకప్పు వేయించాడు, ఎవరింట్లో జ్వరమొచ్చినా ముందు తనే వెళ్ళి పలకరించేవాడు. మనిషి మంచివాడే కన్నా, చెవులే చెడ్డవి. కొన్ని చప్పుళ్ళు వింటే ఆయనకి పళ్ళు జివ్వుమనేవి, వీపు మీద గొంగళిపురుగు పాకినట్టుండేది.

అలాంటి చప్పుళ్ళు ముఖ్యంగా మూడు.

మొదటిది పుల్లమ్మ పెనం. పుల్లమ్మకి బస్టాండు దగ్గర దోసెల కొట్టు. పెనానికి అంటుకున్న మాడుని ఇనుప అట్లకాడతో గీకేది. గర్ర్‌ర్‌మని మోగేది.

రెండోది దర్జీ గురవయ్య కాఫీ. గురవయ్య కాఫీ తాగుతున్నాడని వీధి చివరిదాకా తెలిసేది. జుర్ర్‌ర్‌మని పీల్చి, చివర్లో "హా" అనేవాడు. జుర్రు కంటే ఆ "హా"నే పరాంకుశాన్ని ఎక్కువ బాధపెట్టేది.

మూడోది బాపయ్య సన్నాయి. బాపయ్య ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఉత్తరాలు పంచాడు. ఆ తర్వాత అరవయ్యో ఏట సన్నాయి కొనుక్కున్నాడు. ఏడాది గడిచినా "స" దాటి "రి"కి వెళ్ళలేదు. ఆ "స" కూడా తడిగట్టు మీద నడిచినట్టు మధ్యలో జారిపోయేది.

ఒకరోజు పరాంకుశం పుల్లమ్మ కొట్టు ముందు నిలబడి చూపుడువేలు పైకెత్తాడు. "పుల్లమ్మా, ఇక గీకొద్దు."

"మరి మాడినదాన్ని ఏం చెయ్యను బాబుగారూ? బతిమాలనా?"

"చెక్క గరిటె వాడు."

వాడింది. ఆ తర్వాత నుంచి ఈరోజు దోసెకి నిన్నటి మాడు కూడా కలిసి వచ్చేది.

అప్పుడు గురవయ్య దగ్గరికి వెళ్ళి వేలెత్తాడు. "చప్పుడు లేకుండా తాగితే కాఫీ లోపలికి పోయిందో లేదో నాకు తెలీదండీ," అన్నాడు గురవయ్య. అయినా ప్రెసిడెంటు మాట కాదనలేక, మీగడ కట్టేదాకా చల్లార్చి, కళ్ళు మూసుకుని కషాయంలా మింగేవాడు.

ఆ తర్వాత బాపయ్య ఇంటికి వెళ్ళాడు. "ఒక్క నెల ఓపిక పట్టండి పరాంకుశం గారూ. 'రి' వచ్చేస్తుంది."

"అది వస్తే నేను ఊరొదిలి పోతాను బాపయ్యా," అని వేలెత్తాడు పరాంకుశం.

పాపం బాపయ్య సన్నాయికున్న పీక ఊడదీసి చొక్కా జేబులో దాచుకున్నాడు. పీక లేకపోతే సన్నాయి పలకదు కదా. రోజూ ఆ ఉత్త గొట్టాన్నే నోట్లో పెట్టుకుని, బుగ్గలు పూరించి వేళ్ళు ఆడించేవాడు. దారిన పోయేవాళ్ళు ఆయనకి పన్ను నొప్పేమో అనుకునేవాళ్ళు.

అప్పటినుంచి ఆ వేలు లేస్తే చాలు, ఊరు ఆగేది. దంచే రోకలి గాల్లోనే ఆగేది. పోట్లాడుకునేవాళ్ళు తిట్టు సగంలో ఆపి, వేలు దిగాక మిగతా సగం తిట్టుకునేవాళ్ళు. అలా రెండేళ్ళు గడిచాయి. పరాంకుశం హాయిగా ఉన్నాడు.

అప్పుడు ఆయన కూతురు వకుళకి పెళ్ళి కుదిరింది. వకుళ పక్క ఊరి బడిలో తెలుగు చెప్పేది. అదే బడిలో లెక్కలు చెప్పే రంగనాథం పెళ్ళికొడుకు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం. చిక్కల్లా రంగనాథం నాయనమ్మ వెంగమాంబతోనే వచ్చింది.

ఆవిడకి తుమ్ము పట్టింపు. మంచిపని జరిగేటప్పుడు తుమ్ము వినపడితే ఆ పని అక్కడితో సరి. రంగనాథానికి ముందు రెండు సంబంధాలు చూశారు. మొదటిది తాంబూలాలప్పుడు ఎవరో మామయ్య తుమ్మితే పోయింది. రెండోది పెళ్ళిచూపుల్లో పోపు ఘాటుకి వంటింట్లో ఎవరో తుమ్మితే పోయింది. వకుళ మూడోది.

"ఈసారీ తుమ్ము పడిందంటే మావాడికి పెళ్ళి గీత లేదనుకుంటాను. పీటల మీదినుంచైనా లేపుకుపోతాను," అని ఆవిడ ముందే చెప్పేసింది.

అందుకే కదా పెళ్ళిలో గట్టిమేళం ఉండేది! తాళి కట్టే క్షణాన పురోహితుడు చెయ్యి ఊపి "గట్టిమేళం, గట్టిమేళం" అంటాడు చూడు. అప్పుడు సన్నాయి, డోలు ఒక్కసారిగా అందుకుంటాయి. ఎవరైనా తుమ్మినా, దగ్గినా, చెడ్డమాట అన్నా ఆ మోతలో ఎవరికీ వినపడకూడదని.

"మేళం ఎవరిని పిలిచారండీ?" అని అడిగింది పరాంకుశం భార్య ఆండాళ్ళమ్మ.

"మేళమా? నా చెవుల పక్కన, మూడు గంటలసేపు? మంత్రాలు చాలు."

"తుమ్ము పడితేనో?"

"పడనివ్వను. ఈ ఊళ్ళో నా మాట దాటి ఎవరు తుమ్ముతారు?"

అని ఊరుకోలేదు. జలుబు చేసినవాళ్ళకి అల్లం కషాయం ఇచ్చి, వాళ్ళ విస్తళ్ళు పక్క వీధిలో వేయించాడు. ముసలాళ్ళ నస్యం డబ్బీలు అడిగి తీసుకుని బుట్టలో పెట్టించాడు. మిరపకాయల పోపు గొడ్లచావిడి అవతలికి మార్పించాడు. ఊళ్ళో ముక్కులన్నీ పేరుపేరునా చూసుకున్నాడు. ఒక్క ముక్కు మర్చిపోయాడు.

ఏ ముక్కో నువ్వు చెప్పకు. నేను చెబుతాను.

పెళ్ళిరోజు వచ్చింది. పందిరి నిండా జనం. మాటల్లేవు, మేళం లేదు. ఆడవాళ్ళు పట్టుచీరలు కూడా మెల్లగా సర్దుకుంటున్నారు. వెంగమాంబ ముందు వరసలో చెవులు రిక్కించుకుని కూర్చుంది. కన్యాదానం అయింది. జీలకర్రా బెల్లం అయింది. రంగనాథం మంగళసూత్రం చేతిలోకి తీసుకున్నాడు.

అందరికీ అక్షింతలు పంచారు. కొత్త పసుపు, బాగా దట్టించారు. పరాంకుశానికి మూతి మీద చెమట పట్టింది. అక్షింతలు పట్టుకున్న చేత్తోనే తుడుచుకున్నాడు.

అంతే. ముక్కులో చిన్న చీమ కదిలినట్టయింది. ఆ తర్వాత ఆ చీమ పైకి ఎక్కడం మొదలుపెట్టింది.

పరాంకుశం ముక్కు నులుముకున్నాడు. ఆ చేతికీ పసుపే. చీమలు రెండయ్యాయి. తుమ్ము వచ్చేస్తోందని తెలిసిపోయింది. ఇప్పుడు ఎవరైనా ఏదో ఒక చప్పుడు చేస్తే బాగుండును. నోరు తెరిస్తే మాటకంటే ముందు తుమ్మే బయటపడేలా ఉంది. అందుకని చెయ్యెత్తి సైగ చేశాడు.

ఎత్తింది చూపుడువేలు!

ఊరికి రెండేళ్ళ అలవాటు కదా. వేలు లేవగానే పందిరంతా బిగుసుకుపోయింది. పురోహితుడు మంత్రం సగంలో ఆపేశాడు. విసనకర్రలు ఆగాయి. మోచేతుల దాకా గాజులున్నవాళ్ళు ఆ గాజులు ఒడిసి పట్టుకున్నారు. రంగనాథం కూడా తాళి పట్టుకున్న చేతులు అలాగే నిలిపేశాడు. పరాంకుశం వేలు ఇంకా పైకి, ఇంకా గట్టిగా ఊపాడు. జనం ఊపిరి కూడా బిగపట్టారు.

ఎంత నిశ్శబ్దమంటే, తాళిబొట్టుకి పక్కనున్న పూస తగిలిన చప్పుడు వినిపించింది.

వకుళ తల వంచుకుని ఉంది. ఓరగా తండ్రి ముఖం చూసింది. చిన్నప్పటినుంచి చూస్తున్న ముఖమే. ముందు కుడి ముక్కుపుటం ఎగురుతుంది, ఆ తర్వాత కనుబొమలు లేస్తాయి, ఆ తర్వాత నోరు తెరుచుకుంటుంది. కనుబొమలు అప్పటికే లేచిపోయాయి. పెళ్ళికూతురు అరవకూడదని ఆ పిల్లకి తెలుసు. అయినా అరిచింది.

"గట్టిమేళం! గట్టిమేళం!"

మేళం ఎక్కడుంది? అందరూ వెనక్కి తిరిగి చూశారు.

"పుల్లమ్మత్తా, గీకు! బాపయ్య తాతా, ఊదు! గురవయ్య బాబాయ్, జుర్రు!"

పుల్లమ్మ పందిరి వెనక పులిహోర గుండిగ దగ్గరుంది. రెండేళ్ళుగా ఈ మాట కోసమే కాచుకుని ఉన్నట్టు ఇనుప గరిటె అందుకుని గుండిగ అడుగు గీకింది. గర్ర్‌ర్‌ర్! ఊరందరికీ పళ్ళు జివ్వుమన్నాయి. ఆ మోతలో పరాంకుశం "హాచ్" అన్నాడు. ఎవరికీ వినపడలేదు. రంగనాథం మొదటి ముడి వేశాడు. అంతలో గరిటె కాడ విరిగింది.

అప్పుడు బాపయ్య, ఎక్కడికెళ్ళినా చంకలో పెట్టుకు తిరిగే సన్నాయికి జేబులోని పీక తగిలించి ఊదాడు. రెండేళ్ళు బిగబట్టిన ఊపిరి అది. పీఁఁఁ అని లేచింది. ఆ మోతలో పరాంకుశం రెండోసారి "హాచ్" అన్నాడు. అదీ వినపడలేదు. రంగనాథం రెండో ముడి వేశాడు. ఆ కంగారులో బాపయ్య "స" దాటి "రి"కి చేరుకున్నాడు. ఆ సంగతి బాపయ్యకి తప్ప ఎవరికీ తెలియలేదు. తెలిసి ఎంత ఆశ్చర్యపోయాడంటే, ఊదడం మానేసి సన్నాయి వంక చూస్తూ ఉండిపోయాడు.

మళ్ళీ నిశ్శబ్దం. పరాంకుశం కనుబొమలు మూడోసారి లేచాయి.

మిగిలింది గురవయ్య ఒక్కడే. చేతిలో పొగలు కక్కే కాఫీ గ్లాసు, చల్లారాలని పట్టుకుని కూర్చున్నాడు. చల్లారేదాకా ఆగలేదు. జుర్ర్‌ర్‌ర్‌మని పీల్చాడు. పీల్చి, నాలుక కాలుతున్నా, నోరంతా తెరిచి "హా" అన్నాడు. సరిగ్గా అప్పుడే పరాంకుశం "హాచ్" అన్నాడు. రెండు "హా"లూ కలిసిపోయాయి. "చ్" ఒక్కటి మిగిలిపోయింది.

"ఆగరా!" అంది వెంగమాంబ. రంగనాథం చేతులు మూడో ముడి దగ్గర ఆగాయి. వకుళ కళ్ళు గట్టిగా మూసుకుంది. "ఎవరది? తుమ్మినట్టు వినపడిందే?"

గురవయ్య లేచి నిలబడ్డాడు. "తుమ్ము కాదు పెద్దమ్మగారూ, కాఫీ. జుర్రాక హా అనడం నా అలవాటు."

"హా సరే. చివర్లో ఆ 'చ్' ఏమిటి?"

గురవయ్య గ్లాసులోకి తొంగిచూశాడు. "పంచదార తక్కువైందండీ. చ్ అన్నాను."

వెంగమాంబ నమ్మలేదు. పరాంకుశం వైపు తిరిగింది. "వియ్యంకుడు గారూ, మీరు పెద్దమనిషి. మీరు చెప్పండి. మీ ఊళ్ళో కాఫీ ఇలాగే తాగుతారా?"

పందిరంతా పరాంకుశం వైపు చూసింది. ఏం చెబుతాడు? ఆండాళ్ళమ్మ చప్పుడు లేకుండా ఒక కాఫీ గ్లాసు తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది. కన్యాదానం అయిపోయింది కనుక ఉపవాసం కూడా తీరినట్టే. తప్పించుకునే దారి లేదు.

పరాంకుశం కూతురి ముఖం చూశాడు. గ్లాసు వంక చూశాడు. కళ్ళు మూసుకుని గ్లాసు ఎత్తాడు.

"జుర్ర్‌ర్‌ర్... హా... చ్!"

అప్పుడు ఊరు ఊరుకుంటుందా? గ్లాసున్న ప్రతివాడూ అందుకున్నాడు. జుర్రు, హా, చ్. జుర్రు, హా, చ్. గ్లాసు లేనివాళ్ళు ఉత్త చేతుల్లోంచే జుర్రారు. పురోహితుడు పంచపాత్రలో నీళ్ళు జుర్రాడు.

వెంగమాంబ రెండు చెవులూ మూసుకుంది. "వింత ఊరమ్మా ఇది! తుమ్ము కాదులే, ముడి వెయ్యరా," అంది.

రంగనాథం మూడో ముడి వేశాడు. పసుపు అక్షింతలు గుప్పెళ్ళతో పడ్డాయి. పరాంకుశం నాలుగోసారి తుమ్మాడు. దాన్ని పట్టించుకునే నాథుడే లేడు.

ఆ తర్వాత ఆయన చెవులు మారిపోయాయా అంటావు. లేదు కన్నా, మారలేదు. పుల్లమ్మ మర్నాడే పాత అట్లకాడ బయటికి తీసింది. గర్ర్‌మన్నప్పుడల్లా ఆయన పళ్ళు జివ్వుమంటూనే ఉండేవి. చెవుల్లో దూది పెట్టుకుని దోసె తినేవాడు. వేలు మాత్రం మళ్ళీ ఎత్తలేదు.

ఒక్కోసారి ఇంట్లో ఎవరూ వినడం లేదనుకుని, సాయంత్రం అరుగు మీద కూర్చుని, కాఫీ జుర్రి "హా" అనేవాడట. అప్పుడు వంటింట్లోంచి ఆండాళ్ళమ్మ చెయ్యి ఒకటి బయటికి వచ్చేది. ఆ చేతికి చూపుడువేలు లేచి ఉండేది.

ఇదిగో, తాతయ్య గురక ఆగింది, విన్నావా? ఉండు, ఎందుకాగిందో చూడాలి... ఆ, మళ్ళీ మొదలైంది. అమ్మయ్య. ఇక పడుకో.

గర్రు పెనానికి, జుర్రు గ్లాసుకి,
పీపీ బాపయ్యకి, హాచ్చి పరాంకుశానికి,
గురక తాతయ్యకి, కునుకు మా కన్నకి,
కథేమో కంచికి, మనమేమో మంచానికి.