లోలాక్షి పటం

జోగారావు ఆ ప్రశ్న మాస్టారి దగ్గర పనిచేసిన ఆరేళ్లలో ఎన్నడూ అడగలేదు. లోలాక్షి వచ్చిన ఆరో నెలలో అడిగాడు.

"మాస్టారూ, ఆవిడ కన్నా నాలో ఏం తక్కువ?"

విజయనగరంలో సర్వే పటాలు గీయడం నేర్పే అప్పలసూరి మాస్టారికి ఒక అలవాటుంది. ప్రశ్న ఎంత పెద్దదైతే ఆయన జవాబు అంత ఆలస్యం. ఒక్కోసారి జవాబుకు బదులు ఏదో పని అప్పగిస్తారు. ఆ రోజూ అంతే. కళ్లజోడు తుడుచుకుని, "ఒరే జోగీ, లోలాక్షి పటం ఓసారి చూసి, ఇంజనీర్లకి పంపించెయ్" అన్నారు.

లోలాక్షి సోంపేట వైపు బెస్తపల్లె పిల్ల. వచ్చేనాటికి కంప్యూటర్లో గీత గీయడం కూడా రాదు. నేర్పింది జోగారావే. ఇప్పుడు మాస్టారు ఆమె పటాన్ని తన బల్ల మీదే పరిచి, వచ్చినవాళ్లందరికీ చూపిస్తున్నారు. తనను "ఒరే" అనే నోటితో ఆమెను "అమ్మా" అంటున్నారు. అది మొదట్లో చెవిన పడి పోయేది. తర్వాత గుచ్చుకునేది. ఈమధ్య ఆయన "అమ్మా" అన్న ప్రతిసారీ జోగారావుకి టీ చప్పగా అయిపోతోంది.

ఆ పటం లోలాక్షి సొంత పల్లెదే. కిందటి తుఫానులో ఆ పల్లె వాళ్లు మూడు రోజులు తడిగోడల బడిలో తలదాచుకున్నారు. ఇప్పుడు అక్కడ తుఫాను షెల్టరు కడతారట. స్థలం గుర్తు పెట్టడానికి మర్నాడే మనుషులు వస్తున్నారు.

జోగారావు పటం తెరిచాడు. తప్పు కోసం వెతికాడు. గీతలు శుభ్రంగా ఉన్నాయి, పేర్లు సరిగ్గా ఉన్నాయి. మనసు ఉసూరుమంది. చివరికి కింది గడిలో ఆజ్ఞ టైపు చేసి, ఈ పటానికి ఏ జోన్ కోడు పెట్టారో అడిగాడు. గీసిన గీతలు భూమ్మీద ఎక్కడివో పటానికి చెప్పేది ఆ కోడే. 'జోన్ 45' అని వచ్చింది.

అతని గుండె ఎగిరి గంతేసింది. ఆరేళ్లలో అతను గీసినవన్నీ విజయనగరం, భోగాపురం వైపు భూములే. అన్నిటికీ జోన్ నలభై నాలుగే. 'దొరికింది' అనుకున్నాడు. పక్క గదిలోనే ఉన్న లోలాక్షిని ఒక్కమాట అడగలేదు. మళ్లీ ఆజ్ఞ కొట్టి, నలభై నాలుగు ఇచ్చాడు. తెర మీద ఒక్క గీతా కదల్లేదు. ఏ పటమైనా పంపే ముందు దాని కింద ఉపగ్రహ చిత్రం వేసి సరిచూసుకోవడం అతని నియమం. ఆ రోజు వెయ్యలేదు. తప్పు పట్టుకున్న సంతోషంలో పంపించేశాడు.

మర్నాడు పదింటికి ఫోను మోగింది. మాస్టారు అందరికీ వినిపించేలా పెట్టారు.

"ఏటండీ ఇది? మేం సముద్రం ఒడ్డున నిలబడ్డాం. మీ పటమేమో షెల్టరు చోటు ఆరువందల కిలోమీటర్ల అవతల, తెలంగాణ చేలల్లో ఉందంటోంది! ఊరంతా వచ్చి కూర్చున్నారు. అరగంట చూస్తాం. లేదంటే వేరే ఊరికి పోతాం. మళ్లీ ఎప్పుడొస్తామో చెప్పలేం."

లోలాక్షి మొహం పాలిపోయింది. "నేను సరిగ్గానే పెట్టాను మాస్టారూ, నలభై ఐదే పెట్టాను."

"అదే తప్పు!" జోగారావు గొంతు లేచింది. "అందుకే నేను నలభై నాలుగుకి మార్చాను. కోడే తెలియని మనిషికి కొలతలేం తెలుస్తాయి?"

లోలాక్షికి కోపం రాలేదు, అదే అతనికి వింతగా తోచింది. "జోన్ మారేది ఎనభై నాలుగో రేఖాంశం దగ్గర అన్నయ్యా," అంది మెల్లగా. "అది నరసన్నపేటకి కాస్త ఇవతలే పోతుంది. మీ ఊళ్లు దానికి ఇటు. మా ఊరు అటు. మీ పటాలకి మీది సరే. మాకు నలభై ఐదు."

జోగారావుకి చెవులు వేడెక్కాయి. చెప్పింది నిజమని వింటూండగానే తెలిసిపోయింది. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆజ్ఞ కొట్టి, నలభై ఐదు ఇచ్చి, ఈసారి కింద ఉపగ్రహ చిత్రం వేశాడు. పల్లె ఇసుక ఒడ్డున, చిత్రంలోని ఇళ్ల మీద గీసిన ఇళ్లతో సరిగ్గా కూర్చుంది. పంపించి, ఫోను దగ్గరికి తనే వంగాడు.

"అయ్యా, పటం ఆవిడ సరిగ్గానే ఇచ్చింది. చెడగొట్టింది నేను, జోగారావుని. ఇప్పుడు చూడండి."

"ఆఁ, చూపిస్తోంది. మా కాళ్ల కిందే," అన్నాడు అవతలి మనిషి. వెనకాల ఎవరో ముసలామె "మా లోలాక్షి గీసిందే!" అని అరుస్తోంది. లోలాక్షి కొంగుతో మొహం కప్పుకుంది.

అందరూ వెళ్లాక జోగారావు బల్ల దగ్గరే నిలబడిపోయాడు. "ఊరినే ఎక్కడికో పంపేశాను మాస్టారూ," అన్నాడు.

మాస్టారు కళ్లజోడు మడిచి జేబులో పెట్టుకున్నారు.

"ఆ ఊరెక్కడికీ పోలేదురా," అన్నారు. "ఆర్నెల్లుగా నువ్వెక్కడున్నావో, అది చూసుకో."