మజ్జి వారింట్లో ఆకాశం డిటెక్టివు

చీపురుపల్లి దాటాక ఒక ఊళ్ళో మజ్జి వారిల్లు ఉండేది. అక్క నూకాలమ్మ, తమ్ముళ్ళు సింహాద్రి, అప్పలకొండ. ఊళ్ళో ఉన్న తెలివిలో మూడొంతులు తమ ఇంట్లోనే ఉందనీ, మిగిలిన వంతుతో ఊరంతా ఎలాగో నెట్టుకొస్తోందనీ వాళ్ళ నమ్మకం. ఎవరేం చెప్పినా చెప్పింది చెప్పినట్టు చేస్తాం, అదే మా గొప్ప అనేవాళ్ళు.

ఒకరోజు పొద్దున్నే వాళ్ళ పెరట్లో పెద్ద బానలాంటి ఓడ దిగింది. అందులోంచి మూడు కళ్ళవాడు ఒకడు బయటికొచ్చాడు. పేరు జిర్రు. వాళ్ళ లోకంలో పేరుమోసిన డిటెక్టివు. తెలుగు మన రేడియో విని నేర్చుకున్నాడట. వాళ్ళ లోకానికి వెలుగూ వేడీ ఇచ్చే రాయిని ఒక దొంగ ఎత్తుకొచ్చాడనీ, వాడు ఏ రూపమైనా ఎత్తగలడనీ, ఈ ఊళ్ళోనే దాక్కున్నాడనీ చెప్పాడు. అది దొరక్కపోతే అక్కడి పిల్లలంతా చలికి బిగుసుకుపోతారన్నాడు. నూకాలమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుని, ముగ్గురం సాయం చేస్తామంది.

ముందు ఊరంతా జల్లెడ పట్టమన్నాడు జిర్రు. అంతే, ఇంటింటికీ తిరిగి జల్లెళ్ళు అడిగి తెచ్చి, వీధుల్లో మట్టంతా జల్లించారు. మధ్యాహ్నానికి రెండు బొత్తాలూ, ఎవరిదో కట్టుడు పన్నూ దొరికాయి. ఊరంతా దుమ్ముకి దగ్గుతోంది.

జిర్రుకి తల తిరిగింది. అతనికి కళ్ళు ఊడదీసి కడుక్కునే అలవాటు. ఊడదీసినా అవి చూస్తూనే ఉంటాయి. ఒక కన్ను తీసి గిన్నెలో నానబెట్టి, అనుమానం ఉన్నవాళ్ళ మీద ఓ కన్నేసి ఉంచమని సింహాద్రికి చెప్పి నడుం వాల్చాడు. ఇంకేముంది, సింహాద్రి గిన్నెలో కన్ను తీసుకుని బయల్దేరాడు. అతనికి సర్పంచి మీదే అనుమానం. గురిచూసి వేశాడు. అది సర్పంచి బట్టతలకి తగిలి, ఎగిరి, ఒక కోడిపుంజు ముందు పడింది. కన్ను తన వంకే చూస్తుంటే పుంజు బెదిరిపోయి గుటుక్కున మింగేసింది.

ఇంట్లో జిర్రు ఉలిక్కిపడి లేచాడు. పుంజు కడుపులో రాయి ధగధగా మెరుస్తూ కనిపిస్తోంది.

"ఆ పుంజే దొంగ. పట్టుకుని నిజం కక్కించండి" అన్నాడు.

అప్పలకొండ పుంజుని పట్టుకొచ్చాడు. నూకాలమ్మ దాని గొంతులో ఉప్పునీళ్ళు పోసింది. పుంజు ముందు కన్ను కక్కింది. తర్వాత రాయి కక్కింది. నిజం మాత్రం ఎంతసేపు చూసినా పడలేదు. ఇంకాస్త ఉప్పు వేద్దామా అప్పా అని అక్కని అడిగాడు అప్పలకొండ.

రాయి చూసి జిర్రు పొంగిపోయాడు. దాన్ని ఓడలో భద్రం చేయడానికి వెళ్తూ, "దొంగను లోపలేయండి. వాడు మళ్ళీ బయటికి రాకూడదు" అని గట్టిగా చెప్పాడు.

రెండు గంటలకి తిరిగొచ్చాడు. ఇల్లంతా మసాలా వాసన. ముగ్గురూ గోడకి చేరగిలబడి ఆయాసపడుతున్నారు. దొంగ ఏడని అడిగాడు.

"లోపలేసేశాం బాబూ. ముగ్గురం తలో కాస్తా వేసుకున్నాం. ఇంక ఎలా వస్తాడో చూద్దాం" అన్నాడు సింహాద్రి.

జిర్రు మూడు కళ్ళూ తేలేశాడు. పాపం నొచ్చుకున్నట్టున్నాడు అనుకుంది నూకాలమ్మ. గిన్నె అతని ముందుకి జరిపింది.

"మిమ్మల్ని మరిచిపోతామా బాబూ? తొడ ముక్క మీరు లోపలేస్తారని తీసి ఉంచాం."