బయ్యక్క కొండ మీది వంకర ఏగిసలు

ఈ కొండను చూడని, దీని కథ ఎవరూ చెప్పని పిల్లలారా, కాస్త దగ్గరగా వచ్చి కూర్చోండి.

పూర్వం ఈ సీమను ఏలిన కుంభరాయుడు నూరు ఆలయాలకు ఒకే ఎత్తు ధ్వజస్తంభాలు నిలుపుతానని మొక్కుకున్నాడు. కొండ మీది ఏగిస వృక్షాలలో అతి నిటారైన ఒక్కదాన్ని ఎంచి, దాని కాయలే వాలులన్నిటా చల్లించి, వంకరవాటిని, పొట్టివాటిని సమూలంగా నరకమన్నాడు. అక్కడి చెంచుగూడెం ఆడది బయ్యక్క, చెట్లు నరికించ వచ్చిన అధికారి కాళ్లకు అడ్డం పడింది.

"అయ్యా, ఎండకోర్చేది ఒకటి, పురుగుకోర్చేది ఒకటి. అన్నీ ఒక్క తల్లి బిడ్డలైతే ఒక్క రోగానికే పోతాయి."

"వంకర చెట్టుకు జెండా కడితే దేవుడు మెడ వంచి చూసుకోవాలా?" అన్నాడతను. భటులు పగలబడి నవ్వారు.

ముప్పై ఏళ్లకు అడవి పోతపోసినట్లు ఒకే తీరున లేచింది. ఆ ఏడే వేరుకుళ్లు సోకి, ఒక్క వేసవిలో కొండంతా ఎండిపోయింది. ఊటలు ఇంకాయి. తేనె లేదు, గడ్డలు లేవు. ముసలిదైన బయ్యక్క ఆకలికి పోయిన ముగ్గురు మనుమలను తన చేతులతోనే పూడ్చింది.

ఏటికవతలి రాజ్యం అప్పటికి శత్రురాజ్యమైంది, ఏరు దాటినవారికి మరణదండన. అత్తవారింటికి వెళ్లే ఆడపిల్ల పుట్టింటి చెట్ల కాయలు ఒడిలో కట్టుకుపోవడం ఆ గూడెం ఆచారం. చెట్లు నరకకముందే, ఆ పగ రాకముందే ఏటికవతలికి కాపురానికి పోతూ బయ్యక్క కూతురు ఈరమ్మ అలా తీసుకుపోయిన వంకర ఏగిసల సంతతి అవతలి గట్టున పచ్చగా ఉందని విని, ముసలిది ఏరు దాటింది.

"ఈ కాయలు చెట్లయ్యేదాకా నువ్వుంటావా అమ్మా? ఇక్కడే ఉండిపో" అని ఈరమ్మ ఏడ్చింది.

"అట్లా లెక్కేసుకునుంటే నిన్ను కనేదాన్నే కాదు. మూట కట్టవే."

తిరిగివచ్చి కొండ ఎక్కుతుండగా, శత్రువుల మూట మోస్తున్నదని స్వదేశపు భటులే బాణం వేశారు. వీపున తగిలిందని కొందరు, గొంతున అని కొందరు చెబుతారు. మూట విడి, రెక్కల కాయలు గాలికి ఉత్తరపు వాలంతా పరచుకున్నాయి. ఏడాదిగా మబ్బెరుగని ఆకాశం మూడునాళ్లు ఆ వాలు మీదనే కురిసింది. గూడెంలో అప్పటికి సగంమందే మిగిలారు. వారు ఆకలితోనే ఆ మొలకలకు కాపలా కాశారు.

నేటికీ అక్కడి వంకర ఏగిసలను గీస్తే ఎర్రని జిగురు కారుతుంది. అది బయ్యక్క నెత్తురని ఎవరూ కత్తి ఆనించరు. గుడి లేదు, ఆమె పడినచోట ఒక రాయి ఉంది. తొలకరికి ఇరుగట్లవారూ, దూరదేశాలవారూ తమ అడవుల విత్తనాలు తెచ్చి ఆ రాతి ముందు పోసి, ఇతరులు తెచ్చినవి పిడికెడు పట్టుకుపోతారు. తమవి తాము తిరిగి తీసుకోకూడదు. ఆనాడు ఆ కాయలు చేరని దక్షిణపు వాలు మాత్రం ఈనాటికీ బోడిరాయే.

మీరు ఏ దేశాన ఉన్నా మీ పిల్లలకు ఈ కథ చెప్పండి. ఆ బోడివాలు సంగతి విడిచిపెట్టకుండా చెప్పండి.